కొక్కెం ఉన్న దాతో, కొక్కెం లేని దాతో

మూడు వేల ఎనిమిది వందల రింగిట్లు, వూన్ అంకుల్! అంతే, నా దగ్గరున్నదల్లా. ఆ డబ్బుతో మొదలుపెట్టి ఒక మెట్టెక్కానో లేదో, ఆ మనిషి ఒక్క మాటతో కిందికి తోసేశాడు. ఇప్పుడేమో అతని ఆహ్వానపత్రాలు మీ ప్రెస్సు బల్ల మీద ఆరుతున్నాయి. నన్ను చూడగానే తువ్వాలు కప్పుతున్నారేం? కప్పకండి. చూసేశాను. పసుపు అంచు, బంగారు అక్షరాలు. రాజుగారి రంగు! బిస్కెట్లమ్ముకునేవాడికి పసుపు అంచెందుకండీ?

మీ పని మీరు చేసుకోండి. నేనిలా స్టూలు మీద కూర్చుంటాను. నాకు కావలసింది ఒక్క కార్డు. మూడొందలు వేసుంటారు, ఒకటి తక్కువైతే ఎవరు లెక్కపెడతారు? ఇవ్వనంటారా? అనండి. కానీ నేను చెప్పేది మొత్తం విన్నాక అనండి.

ఫోన్లు బాగుచేసే కొట్లో మూడేళ్ళు పనిచేసి దాచుకున్న డబ్బది. మీకు తెలుసుగా, మా అమ్మమ్మ చెల్లెలు గునుంగ్ రాపట్‌లో కొట్టు మూసేస్తూ తన మట్టిపొయ్యి మాకిచ్చేసింది. కూజా పొయ్యి. కొబ్బరి పీచు మంట, పొయ్యి గోడకి బిస్కెట్లు అంటించి కాల్చడం, లోపల మాల్టు పాకం, వేయించిన చిన్నుల్లి. ఈ ఇపోలో మీలాంటి వాళ్ళు టీలో ముంచుకుని కళ్ళు మూసుకుంటారే, అవి. అమ్మ కాలుస్తుంది, నేను అమ్ముతాను.

అమ్మడమంటే ఎక్కడ? సంతలోనా? సంతలో ఒక్కో బిస్కెట్ మీద నాలుగు సెన్లు మిగిలితే గొప్ప. అదే జపానుకి పంపితే ఇరవై రెండు. లెక్క తేడా చూడండి! కౌలాలంపూర్ తిండి ప్రదర్శనలో ఒక పెద్దమనిషి పరిచయమయ్యాడు. హిరబయాషి గారు. ఆయన ఊరు కనజావా. ఆయనకి టీ కొట్లున్నాయి. మన బిస్కెట్ కొరికి, పొడి కూడా రాలకుండా మొత్తం తిని, రెండు చేతులతో తన కార్డు ఇచ్చాడు. నేనూ రెండు చేతులతో తీసుకున్నాను. అక్కడికి బాగానే చేశాను.

తర్వాతే చెడగొట్టాను. మర్నాడే ఉత్తరం రాశాను. మొదటి లైనులోనే ధర! రెండో లైనులో తగ్గింపు! నాకేం తెలుసండీ, తొందరగా రాయడమే మర్యాదనుకున్నాను. జవాబు లేదు. ఎన్నాళ్ళు చూశానో. అప్పుడు ఆ దేశంతో వ్యాపారం చేసేవాళ్ళని నలుగుర్ని పట్టుకుని అడిగితే, పడీపడీ నవ్వారు. 'ఒరేయ్ వెయ్ హాన్, వాళ్ళకి ఉత్తరం రాస్తే ముందు ఋతువు గురించి రాయాలి. తర్వాత ఆయన ఆరోగ్యం. వ్యాపారమంటావా, అది చెప్పులు విప్పి లోపలికెళ్ళి కూర్చున్నాక సంగతి' అన్నారు.

ఋతువు! మనకి ఋతువులెక్కడివి అంకుల్? వాన, తర్వాత ఇంకాస్త వాన. కూర్చుని బుర్ర గోక్కుని రాశాను: 'మా కొండల మీద మేఘం దిగింది. తోటల్లో ముళ్ళ దురియాన్ పళ్ళు రాలే కాలం. చెట్టు కింద నుంచి నడిచేవాళ్ళు తలల మీద బుట్టలు పెట్టుకుంటున్నారు. తమరి ఆరోగ్యం ఎలా ఉంది?' అంతే. బిస్కెట్ మాటే ఎత్తలేదు.

వారం తిరక్కుండా జవాబొచ్చింది! మందపాటి కాగితం, చేత్తో రాసిన ఇంగ్లీషు. వాళ్ళ తోటలో చెట్ల కొమ్మలు మంచు బరువుకి విరక్కుండా తాళ్ళతో కట్టారట. తల మీద బుట్ట పెట్టుకున్నవాళ్ళని తలచుకుని ఆయనా, ఆయన భార్యా నవ్వుకున్నారట. నేను మళ్ళీ రాశాను. ఆయన మళ్ళీ రాశాడు. నాకు ఆయన తోట తెలిసింది, ఆయనకి మా అమ్మ మోకాళ్ళ నొప్పి తెలిసింది. చివరికి ఒక ఉత్తరం అడుగున, తాంబూలంలో వక్కలా, చిన్నగా ఒక్క లైను: 'నెలకి నలభై వేల బిస్కెట్లు మీ తల్లిగారికి శ్రమ అవుతుందా?'

నలభై వేలు, ఇంటూ ఇరవై రెండు సెన్లు. ఎనిమిది వేల ఎనిమిది వందల రింగిట్లు, నెలనెలా! నేను మొదలుపెట్టిన డబ్బుకి రెండింతల పైన! అమ్మని ఎత్తుకుని గిరగిరా తిప్పాను. మోకాళ్ళురా, దించరా అని అరిచింది పాపం.

ఆయన స్వయంగా వస్తానన్నాడు. పొయ్యి చూడాలి, అమ్మకి నమస్కారం చెప్పాలి అన్నాడు. సరిగ్గా అప్పుడే మన బిస్కెట్ల సంఘం వాళ్ళ విందు. అంత దూరం నుంచి వచ్చిన మనిషిని నలుగురు పెద్దల దగ్గరికి తీసుకెళ్ళకపోతే ఏం బావుంటుంది? తీసుకెళ్ళాను. నా చొక్కాకి అమ్మ రెండుసార్లు ఇస్త్రీ చేసింది.

మీరూ ఉన్నారు కదా ఆ రోజు. చివరి బల్ల దగ్గర. అవును, మీరు చూశారు. నాకు తెలుసు, చూసి తల దించుకున్నారు.

సంఘం అధ్యక్షుడు మాక్ సూన్ థాయ్. చిన్నప్పట్నుంచీ నాకాయన మాక్ అంకులే. పెద్ద ఫ్యాక్టరీ, ఆరు లారీలు. నేను హిరబయాషి గారిని ఆయన దగ్గరికి తీసుకెళ్ళి, 'వీరు మిస్టర్ మాక్, మా సంఘం అధ్యక్షులు' అన్నాను. ఏం తప్పండీ అందులో? ఆయనకి 'దాతో' బిరుదు వచ్చి నెల కూడా కాలేదట! మా వంటింట్లో పొయ్యి ముందు కూర్చున్నవాడికి ఎవరు చెబుతారు? పోనీ పేపర్లో పడిందా అంటే, అదీ లేదు. ఎందుకు పడలేదో తర్వాత చెబుతాను.

చెయ్యి చాపిన హిరబయాషి గారిని అలాగే నిలబెట్టి, నా వైపు తిరిగాడు. మొదట మన కాంటనీస్‌లో: 'ఏరా, మీ అమ్మ నీకు నూడుల్స్ పెట్టింది గానీ బుద్ధి పెట్టలేదా? మిస్టరా? సుల్తానుగారు దాతో అంటే నువ్వు మిస్టరంటావా?' అప్పటికి చుట్టుపక్కల బల్లలు నవ్వాయి. సరే, మనవాళ్ళే, నవ్వనీ. కానీ అక్కడితో ఆగాడా? ఇంగ్లీషులోకి మారాడు. నెమ్మదిగా, ఒక్కో మాటా ఆయనకి అర్థమయ్యేలా: 'క్షమించాలి సార్. సొంత ఊళ్ళో పెద్దల బిరుదు మర్చిపోయే కుర్రాడు, రేపు మీ ఆర్డర్లో ఏం మర్చిపోతాడో ఎవరికి తెలుసు?'

చెప్పండి అంకుల్, ఎంత లెక్కగా కొట్టాడు! జపాను మనిషికి అర్థమయ్యే భాషలో తిట్టలేదు. మా బిస్కెట్ బాగోలేదనలేదు. మర్యాద తెలియదన్నాడు. అదే కదా హిరబయాషి గారికీ నాకూ మధ్య ఉన్న ఒకే ఒక్క వంతెన!

హిరబయాషి గారేం చేశాడు? మాక్ ఇచ్చిన కార్డు రెండు చేతులతో తీసుకుని, బల్ల మీద పెట్టి, వేలితో అంచులు సరిచేశాడు. నా వైపు చూడలేదు. ఆయన దృష్టిలో ఆలోచించండి: పెద్దాయన పరువు నా వల్ల పోయింది, ఆ పెద్దాయన వల్ల నా పరువు పోయింది, మధ్యలో అతిథిగా తనున్నాడు. ముగ్గురూ మునిగిన పడవలాంటి పరిస్థితి. వాళ్ళలో ఎవరైనా అలాంటి పడవలో మళ్ళీ ఎక్కుతారా?

తర్వాత ఉత్తరం వచ్చింది. అమ్మ ఆశగా, 'ఏమన్నాడురా, ఏమన్నాడు?' అంటోంది. నేను పూర్తిగా చదవక ముందే తెలిసిపోయింది. ఎలాగంటారా? ఋతువు లేదు అంకుల్! మంచు లేదు, చెట్టు లేదు, కొమ్మ లేదు. మొదటి లైనులోనే విషయం: 'మీ ప్రతిపాదనను మరింత జాగ్రత్తగా పరిశీలిస్తాము.' వాళ్ళ భాషలో పరిశీలిస్తామంటే వద్దనడం. ఎంత మర్యాదగా! తలుపు చప్పుడు కూడా కాలేదు.

ఆ తర్వాత రెండు నెలలకి నా నలభై వేల బిస్కెట్లు మాక్ గారి లారీలో ఎక్కాయి. పొయ్యిలో కాదు, మరలో కాల్చినవి. చిన్నుల్లి బదులు పొడి! ఇప్పుడు పెద్ద ఒప్పందం. వచ్చే శనివారం సంతకాలు. హిరబయాషి గారు వస్తున్నాడు, రాష్ట్ర ప్రభుత్వం నుంచి ముఖ్య అతిథి వస్తున్నారు. కార్డులు మీరు వేశారు. అవీ సంగతులు.

టీ వద్దులెండి ఇప్పుడే. ఒక ప్రశ్న అడుగుతాను. గుర్తుందా, పోయిన నెల నా ఉత్తరాల కాగితం అచ్చువేయించుకోవడానికొస్తే మీరు విసుక్కుంటూ ఏమన్నారు? 'ఈ మాక్ గారితో వేగలేకపోతున్నా. ఉత్తరాల కాగితం మీద ఇంగ్లీషులో దాతో చివర కొక్కెం, అదే అపాస్ట్రఫీ, పెట్టమన్నాడు. విజిటింగ్ కార్డు మీద వద్దన్నాడు. క్యాలెండరు మీద మళ్ళీ పెట్టమన్నాడు. అసలు పెట్టాలా వద్దా అనడిగితే, ఏది అందంగా ఉంటే అది వెయ్యవయ్యా అన్నాడు' అన్నారు. మీరు నవ్వుతూ అన్నారు. నేను నవ్వుతూ విన్నాను. వీధి మలుపు తిరిగాక నా కాళ్ళాగిపోయాయి.

ఏది అందంగా ఉంటే అదా?

మీకు చెప్పాలా అంకుల్, నలభై ఏళ్ళుగా ఈ ఊరి పెద్దల కార్డులన్నీ వేసినవారు మీరు. కౌలాలంపూర్ నుంచి వచ్చే బిరుదైతే దాతుక్. దానికి కొక్కెం ఉండదు. మన సుల్తానుగారిచ్చేదైతే దాతో, చివర అక్షరం పక్కన పైన వేలాడుతూ ఆ చిన్న కొక్కెం. చూడ్డానికి చీమ కాలంత. కానీ బిరుదు ఏ చేతి నుంచి వచ్చిందో చెప్పేది అదే. నిజంగా బిరుదొచ్చినవాడు పెళ్ళాం పేరు తప్పుగా వేసినా ఊరుకుంటాడు గానీ, ఆ కొక్కెం తప్పిపోతే మీ ప్రెస్సుకి నిప్పు పెడతాడు! అందంగా ఉంటే పెట్టమనేవాడు దాతో ఏమిటండీ?

అక్కడి నుంచి గ్రంథాలయానికి వెళ్ళాను. సుల్తానుగారి పుట్టినరోజు నాడు బిరుదుల జాబితా పేపర్లో వేస్తారు కదా. ఈ ఏడాదిది, పోయినేడాదిది, అంతకు ముందుది. అక్షర క్రమంలో ఉంటాయి, సులువే. లేడు. పొరపాటేమోనని వెనక్కి వెనక్కి వెళ్ళాను. మాక్ పేరుతో ఒక పళ్ళ డాక్టరున్నాడు, ఒక ఫుట్‌బాల్ శిక్షకుడున్నాడు. మన మాక్ లేడు.

మరెక్కడిది? అది కూడా తెలిసింది. ఏదో దీవిలో ఒకాయన ఉన్నాడట, తనది పాత రాజవంశమంటాడట. హోటల్ హాల్లో పసుపు గుడ్డ పరిచి, బాకా ఊదించి, బిరుదులమ్ముతాడట. నలభై వేలు. ఇంగ్లీషులో దాతోకి నాలుగక్షరాలు. అక్షరానికి పదివేలు! కొక్కెం ఉచితం. అందుకే పాపం, దాని విలువ ఆయనకి తెలియలేదు.

నవ్వకండి, లేదు, నవ్వండి. నేనూ చాలా నవ్వాను.

పోలీసులకి చెప్పొచ్చు. పేపరుకి చెప్పొచ్చు. ఫేస్‌బుక్‌లో పెడితే ఈ ఊరంతా గంటలో తెలుస్తుంది. ఊహూఁ. అరిచి చెప్పినవాడు కుళ్ళుబోతు అవుతాడు. 'అదుగో, ఆర్డర్ పోయిన కుర్రాడు' అంటారు. ఆయన నన్ను దేనితో కొట్టాడు? మర్యాదతో. నేనూ దానితోనే కొడతాను.

ఇదిగో, ఉత్తరం రాశాను. సుల్తానుగారి దర్బారు కార్యాలయానికి. మలయ్‌లో, పద్ధతిగా, మా మలయ్ టీచరు చూస్తే కళ్ళకద్దుకుంటారు. వినండి, అర్థం చెబుతాను. 'సంపూర్ణ గౌరవంతో మనవి చేసుకుంటున్నాను. మా సంఘం అధ్యక్షులవారిని సంబోధించడంలో లోగడ ఒక విందులో నా వల్ల పొరపాటు జరిగింది. విదేశీ అతిథి ముందు వారు నొచ్చుకున్నారు. అలాంటి అపచారం మళ్ళీ జరగకూడదని నా కోరిక. వచ్చే శనివారపు సభకి వారిని అభినందిస్తూ ఉత్తరం రాయదలిచాను. వారి బిరుదు ఏ సంవత్సరపు జాబితాలోదో, దానికి కొక్కెం ఉండాలో లేదో, దయచేసి తెలియజేయగలరు.' అంతే. ఇందులో ఒక్క మాట పరుషంగా ఉందా? వెతకండి! నింద ఉందా? ఒక అజ్ఞాని కుర్రాడు మర్యాద నేర్చుకోవాలనుకుంటున్నాడు, అంతే కదా!

ఒక్క చోట చిక్కుపడింది. ఉత్తరంలో ఆయన పేరెలా రాయాలి? కొక్కెంతో రాస్తే ఆ బిరుదు నేనే ఒప్పుకున్నట్టు. మిస్టర్ అని రాస్తే నేనే తీర్పు చెప్పినట్టు. ఎన్ని కాగితాలు చించానో! అప్పుడు తోచింది. పేరే రాయను. 'ఇందుతో జతపరిచిన ఆహ్వానపత్రంలో ఉన్న ప్రకారం' అని రాస్తాను. పసుపు అంచుతో, బంగారు అక్షరాలతో, ఆయనే అచ్చు వేయించుకున్న పేరు, ఆయన నోటితోనే చెబుతుంది.

అందుకే అంకుల్, ఒక్క కార్డు.

హిరబయాషి గారికి కూడా రాశాను. అది ముందే పోస్టు చేశాను. ఋతువుతోనే మొదలుపెట్టాను: 'దురియాన్లు అయిపోయాయి. బుట్టలు దించాం. మా కొండల మీద ఇప్పుడు గాలి మాత్రమే ఉంది.' తర్వాత ఒక్క లైను. 'మా అధ్యక్షులవారిని సరిగా ఎలా పిలవాలో దర్బారువారిని అడుగుతున్నాను. జవాబు రాగానే తమకీ పంపుతాను, నాలాంటి పొరపాటు తమరికి జరగకూడదు కదా.' ఆయన తెలివైనవాడు. రాసింది కన్నా రాయనిది బాగా చదువుతాడు.

ఏమంటున్నారు? ఆవిడా?

మాక్ గారి భార్య సంగతి తెలుసండీ. స్యూట్ లిన్ ఆంటీ చెడ్డదా? కాదు. ఆ విందులో అందరూ నవ్వుతుంటే, నా పక్కకొచ్చి, గిన్నెలో చేప ముక్క వేసి, 'తినరా, చల్లారిపోతుంది' అంది ఒక్కతే. ఇప్పుడామెని చేపలవాడు, దాతోగారి భార్య కదా అని, దాతిన్ అని పిలిచి పెద్ద చేప తీసిస్తున్నాడు. ఆవిడ సిగ్గుపడుతూ తీసుకుంటోంది. నేను చూశాను, సంతలో. ముఖం వెలిగిపోయింది. అంతా నిజమేనని నమ్మింది ఆవిడ.

అందుకే రెండో పేరా చేర్చాను. 'వారి శ్రీమతిగారిని కూడా ఏమని సంబోధించాలో తెలియజేయగలరు' అని. ఆవిడని వదిలేస్తే మర్యాద అనిపించుకోదు కదా.

అలా చూడకండి.

మీ క్యాలెండర్ల పని పోతుందంటారా? పోతుంది. అబద్ధం చెప్పను. ఏడాదికి వెయ్యి క్యాలెండర్లు, మీకు ఎంత మిగులుతుందో నేను వేళ్ళ మీద చెప్పగలను. దానికి సరిపడా పని నేను తెచ్చిపెడతానని మాటివ్వలేను, ఇంకా. అచ్చువేసినందుకు మిమ్మల్నెవరూ ఏమీ అనరు, కానీ ఆయన మీ గుమ్మం మళ్ళీ తొక్కడు. అందుకే అడగడానికి ముందు ఇంతసేపు చెప్పుకుంటూ కూర్చున్నాను.

బిస్కెట్ల కోసమేనా ఇదంతా అంటారా? ఆర్డరు పోతే మరో ఆర్డరు. లెక్క తెలిసినవాడికి అదెంత? కనజావా కాకపోతే ఇంకో ఊరు.

నిజం చెప్పనా? ఆయన ఆ మాట అన్నప్పుడు, అందరూ నవ్వినప్పుడు... నేనూ నవ్వాను, అంకుల్. చేతులు జోడించి, నడుం వంచి, 'సారీ దాతో, సారీ దాతో' అంటూ, పళ్ళన్నీ కనబడేలా నవ్వాను. అమ్మ ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని. ఎక్కువసేపు నవ్వింది నేనే. ఆ నవ్వు ఇంకా నా మూతి మీదే ఉంది, ఎంత కడిగినా పోవడం లేదు. దాన్ని నేను తిరిగి ఇచ్చెయ్యాలి. అంతే. అంతకన్నా పెద్ద కారణం ఏమీ లేదు.

మిమ్మల్ని ఇవ్వమని అడగను ఇక. రేపు ఎవరైనా అడిగితే మీరు 'నేనివ్వలేదు' అనాలి, ఆ మాట నిజమై ఉండాలి. పెద్దవాళ్ళ చేత అబద్ధమాడించడం మర్యాద కాదు.

ఇందాక టీ అన్నారు కదా. తాగుతాను. ఫ్లాస్కులో వేడినీళ్ళు అయిపోయినట్టున్నాయి. లోపలికెళ్ళి కాచి తెస్తారా అంకుల్?

తొందరేం లేదు. నెమ్మదిగా తెండి.